090510 విస్ఫోటం, 31 జీఈవీ ఫోటాన్: ప్లాంక్ హద్దు నాకు సగమే వస్తోంది, తప్పెక్కడ?

నక్షత్రలెక్క:
శూన్యంలో కాంతివేగం ఫోటాన్ (కాంతి కణం) శక్తిని బట్టి కాస్త మారితే (క్వాంటమ్ గురుత్వం వల్ల అలా జరగొచ్చని కొన్ని నమూనాలు అంటాయి), దూరపు విస్ఫోటంలో ఒకేసారి బయల్దేరిన ఫోటాన్లు మన దగ్గరికి వేర్వేరు సమయాల్లో చేరాలి. 1998లో అమెలినో-కమేలియా, ఎల్లిస్, మావ్రోమాటోస్, నానోపౌలోస్, సర్కార్ కలిసి నేచర్ పత్రికలో ప్రతిపాదించిన పరీక్ష ఇదే. ఫెర్మీ ఉపగ్రహం చూసిన 2009 మే 10 నాటి గామా కిరణ విస్ఫోటంతో (జీఆర్‌బీ 090510) ఆ లెక్క మొదటి నుంచీ చేసి చూద్దామనుకున్నాను.

తీసుకున్నవి: రెడ్‌షిఫ్ట్ (విశ్వ వ్యాకోచంతో కాంతి తరంగం ఎంత సాగిందో చెప్పే అంకె, దూరానికి గుర్తు) 0.903, ఫోటాన్ శక్తి 31 జీఈవీ (ఒక జీఈవీ అంటే వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు), ట్రిగ్గర్ (ఉపగ్రహం విస్ఫోటాన్ని పసిగట్టిన క్షణం) తర్వాత 0.829 సెకన్లు, ప్లాంక్ శక్తి 1.22 × 10¹⁹ జీఈవీ. శక్తుల నిష్పత్తిని కాంతి ప్రయాణించిన కాలంతో గుణిస్తే 0.59 సెకన్లు వచ్చింది. దాన్ని 0.829తో భాగిస్తే హద్దు (ఈ ప్రభావం చూపే క్వాంటమ్ గురుత్వ శక్తి కనీసం ఇంత ఉండాలన్న అంకె) ప్లాంక్ శక్తికి 0.7 రెట్లు. ప్రచురించిన హద్దు 1.2 రెట్లు. తేడా ఎక్కడ వస్తోంది?

ఘాతాంకం:
"కాంతి ప్రయాణించిన కాలంతో గుణిస్తే" అన్నారు కదా, తప్పు అక్కడే ఉంది. మనకు 31 జీఈవీగా చేరిన ఫోటాన్ బయల్దేరినప్పుడు 31 × 1.903, అంటే సుమారు 59 జీఈవీ. దారిలో విశ్వం వ్యాకోచిస్తూ దాని శక్తిని తగ్గించింది. శక్తి ఎక్కువున్న తొలి దశలోనే అది ఎక్కువ వెనకబడుతుంది. పైగా అక్కడ ఏర్పడిన ఎడం కూడా వ్యాకోచంతో సాగుతుంది. ఈ రెండూ కలిసిన సరైన రూపాన్ని జేకబ్, పిరాన్ 2008లో ఇచ్చారు:

ఆలస్యం = (మనం కొలిచిన శక్తి ÷ క్వాంటమ్ గురుత్వ శక్తి) × (1 ÷ హబుల్ స్థిరాంకం) × సమాకలనం

సమాకలనంలో పైన (1 + రెడ్‌షిఫ్ట్). కింద 0.3 × (1 + రెడ్‌షిఫ్ట్)³ + 0.7 మొత్తానికి వర్గమూలం. 0 నుంచి 0.903 దాకా సమాకలనం చేయాలి. మూడు బిందువుల సింప్సన్ సూత్రం చాలు: 0 దగ్గర 1, 0.4515 దగ్గర 1.141, 0.903 దగ్గర 1.144. మొత్తం 1.01.

హబుల్ స్థిరాంకం (విశ్వ వ్యాకోచ రేటు) 70 కి.మీ./సె./మెగాపార్సెక్ అయితే దాని విలోమం 4.41 × 10¹⁷ సెకన్లు. క్వాంటమ్ గురుత్వ శక్తిగా ప్లాంక్ శక్తినే పెడితే శక్తుల నిష్పత్తి 2.54 × 10⁻¹⁸. గుణిస్తే 1.13 సెకన్లు. మీరు వాడిన ప్రయాణ కాలానికి అదే సమాకలనం 0.52 మాత్రమే, అందుకే సగమైంది. (1 + రెడ్‌షిఫ్ట్) వదిలేసి మామూలు సహగమన దూరం (వ్యాకోచాన్ని లెక్కలోకి తీసుకుని ఇవాళ్టి కొలతలో చెప్పే దూరం) వాడినవాళ్లకు ఆ సమాకలనం 0.71 వస్తుంది. అదీ తప్పే.

దీనికి ఎదురు తప్పు కూడా చేస్తుంటారు: శక్తిని 59కి పెంచి మళ్లీ ఇదే సమాకలనం వాడటం. అప్పుడు 2.15 సెకన్లు వచ్చి హద్దు గొప్పగా కనిపిస్తుంది.

రాత్రికాపలా:
ఘాతాంకం గారి సూత్రం సరే. కానీ 1.13ని 0.829తో భాగిస్తే 1.36 వస్తుంది, 1.2 కాదు. ప్రచురిత హద్దులో జాగ్రత్త కోసం రెండు చోట్ల తగ్గించారు.

ఒకటి, శక్తి. ఒక్క ఫోటాన్ శక్తిని లాట్ పరికరం (ఫెర్మీలోని ప్రధాన గామా టెలిస్కోపు) సుమారు 10 శాతం అటూఇటూగా చెబుతుంది. ఆ ఫోటాన్‌కు కింది అంచు 28 జీఈవీ. హద్దు కట్టేటప్పుడు వాడాల్సింది అదే.

రెండు, ఆరంభం. ట్రిగ్గర్ అయింది ఒక చిన్న పూర్వ పల్స్ మీద. ఆ పల్స్ ట్రిగ్గర్‌కు 30 మిల్లీసెకన్ల ముందే మొదలైంది. అంతకన్నా ముందు ఆ ఫోటాన్ బయల్దేరి ఉండదన్నది ఊహ. కాబట్టి గరిష్ఠ ఆలస్యం 0.859 సెకన్లు.

1.13 × 28 ÷ 31 = 1.02. దాన్ని 0.859తో భాగిస్తే 1.19.

ఆరంభం ఎక్కడ పెడతామన్నదే ఈ మొత్తం వ్యవహారంలో అసలు పేచీ. ప్రధాన విస్ఫోటం ట్రిగ్గర్ తర్వాత 0.53 సెకన్లకు మొదలైంది. ఫోటాన్ అందులోదేనంటే ఆలస్యం 0.3 సెకన్లే, హద్దు 3.4 రెట్లు. ఇంకా ముందుకెళ్లి, ఆ ఫోటాన్ వచ్చిన క్షణానికి తక్కువ శక్తి కాంతిలో ఒక సన్నని పల్స్ ఉంది కాబట్టి రెండూ కలిసే పుట్టాయంటే హద్దు 100 రెట్లు దాటుతుంది. డేటా ఒకటే, మారుతున్నది ఊహ. ఎవరైనా హద్దు చెప్పగానే "ఆరంభం ఎక్కడ పెట్టారు?" అని అడగండి.

నక్షత్రలెక్క:
ధన్యవాదాలు, 1.19 వచ్చింది. ఇప్పుడు అసలు డేటా దించుకుని ఆ ఫోటాన్‌ను చూద్దామంటే అది ట్రిగ్గర్ తర్వాత 2.83 సెకన్ల దగ్గర కనిపిస్తోంది! విస్ఫోట సమయం 00:22:59.97 యూటీ. 2001 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కిస్తే 263607779.97 వచ్చింది.

రాత్రికాపలా:
లీప్ సెకన్లు వదిలేశారు. ఫెర్మీ మిషన్ గడియారం 2001 జనవరి 1 నుంచి గడిచిన అసలు సెకన్లు లెక్కిస్తుంది. 2005 చివర ఒకటి, 2008 చివర ఒకటి కలిశాయి. సరైన అంకె 263607781.97. అప్పుడు ఫోటాన్ 0.83 దగ్గరికి వస్తుంది. 0.8 సెకన్లు కొలిచే చోట 2 సెకన్ల పొరపాటు. లెక్క బొత్తిగా పొసగదు కాబట్టి వెంటనే బయటపడింది. నిమిషాల్లో కొలిచే విస్ఫోటాల్లో ఇలాంటిది దాక్కుంటుంది.

మిగతా సెట్టింగులు కూడా సరిచూసుకోండి:

దిశ: విషువాంశం 333.55, క్రాంతి −26.58 డిగ్రీలు. డేటా అడిగేటప్పుడు మామూలు ఫోటాన్ ఫైల్ కాకుండా ఎక్స్‌టెండెడ్ ఫైల్ తీసుకోవాలి. ట్రాన్సియెంట్ తరగతి (విస్ఫోటాల్లాంటి కొద్దిసేపటి వాటి కోసం సడలించిన ఎంపిక) ఘటనలు అందులోనే ఉంటాయి. మామూలు ఫైల్‌తో ట్రాన్సియెంట్ తరగతి అడిగితే జీటీసెలెక్ట్ (ఫెర్మీ డేటాను వడగట్టే ప్రోగ్రాము) నోరు మెదపకుండా తక్కువ ఘటనలు ఇస్తుంది. ఏదో తేడా ఉందని మీకు తెలియను కూడా తెలియదు. జెనిత్ కోణం (నడినెత్తి నుంచి కొలిచే కోణం) 100 లేదా 105 డిగ్రీల దగ్గర కోయండి, లేకపోతే భూవాతావరణం నుంచి వచ్చే గామా కిరణాలు కలుస్తాయి.

ఇంకోటి. లాట్ పునర్నిర్మాణ సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా ఒకే ఫోటాన్ శక్తి కొంచెం మారుతుంది. మీ ఫైల్‌లో సరిగ్గా 31 కనిపించకపోతే కంగారు పడకండి, మీ ఫైల్‌లోని అంకెనే దాని దోషంతో సహా వాడండి.

సగంసున్నా:
ఒక్క ఫోటాన్ మీద ఇంత భవనం కడుతున్నారు, సరే. కానీ అదే ఫెర్మీ డేటాలో ఎక్కువ శక్తి ఫోటాన్లు ఆలస్యంగా వస్తున్న సంగతి చాలా విస్ఫోటాల్లో ఉంది కదా? 080916సీలో 13.2 జీఈవీ ఫోటాన్ 16.5 సెకన్లకు వచ్చింది. 090902బీలో 33.4 జీఈవీ ఫోటాన్ 82 సెకన్లకు. వీటిని హద్దులుగానే ఎందుకు చూడాలి, సంకేతంగా ఎందుకు చూడకూడదు?

ఘాతాంకం:
చూడండి, అభ్యంతరం లేదు. కానీ ఒకే నియమం అన్నిటికీ సరిపోవాలి. 090902బీ రెడ్‌షిఫ్ట్ 1.822. సమాకలనం సుమారు 2.0. ప్లాంక్ శక్తి దగ్గర 33.4 జీఈవీ ఫోటాన్ ఆలస్యం 2.4 సెకన్లు రావాలి. 82 సెకన్లు మొత్తం క్వాంటమ్ గురుత్వం వల్లే అంటే, ఆ శక్తి స్థాయి ప్లాంక్‌లో 0.03 వంతు. 080916సీకి (రెడ్‌షిఫ్ట్ 4.35) అదే పని చేస్తే 0.1 వంతు వస్తుంది. ఈ రెండే ఒకదానితో ఒకటి పొసగడం లేదు. పైగా 0.03 వంతు నిజమైతే 090510లోని ఫోటాన్ 38 సెకన్లు ఆలస్యంగా రావాలి. వచ్చింది ఒక సెకనులోపు.

అందుకే ఆ ఆలస్యాల్లో అధిక భాగం మూలంలోనే పుట్టిందని అనుకోవడం సహజం. విస్ఫోటం తర్వాత జెట్ (అది చిమ్మిన పదార్థపు ధార) చుట్టూ ఉన్న పదార్థాన్ని ఢీకొని చాలాసేపు జీఈవీ కాంతి వెలువడుతూనే ఉంటుంది. 82వ సెకను ఫోటాన్‌కు అది సరిపోయే వివరణ.

మూలంలోని ఆలస్యాన్ని విడదీయడానికి ఒక మార్గం ఉంది. అనేక విస్ఫోటాల ఆలస్యాన్ని (1 + రెడ్‌షిఫ్ట్)తో భాగించి నిలువు అక్షం మీద పెట్టండి. అడ్డంగా, దూరపు సమాకలనాన్ని అదే (1 + రెడ్‌షిఫ్ట్)తో భాగించి శక్తి తేడాతో గుణించి పెట్టండి. గీత వాలు క్వాంటమ్ గురుత్వానిది, నిలువు అక్షాన్ని తాకే చోటు మూలానిది. అయితే ఇందులో మూలపు ఆలస్యం అన్ని విస్ఫోటాల్లోనూ ఒకటేనన్న ఊహ ఉంది. పొట్టి విస్ఫోటాన్నీ పొడుగు విస్ఫోటాన్నీ ఒకే గీత మీద పెట్టారంటే ఆ ఊహ అక్కడే కూలుతుంది. బిందువులు పదిలోపే ఉన్నప్పుడు గీత అందంగా కుదిరినా నేను నమ్మను.

చెరెంకోవ్‌నీలం:
నేల మీది టెలిస్కోపుల సంగతి కూడా చేర్చాలి. అక్కడ దూరం తక్కువ, కానీ శక్తి వెయ్యి రెట్లు ఎక్కువ.

మార్కేరియన్ 501 గెలాక్సీ (రెడ్‌షిఫ్ట్ 0.034) 2005 జులైలో భగ్గున వెలిగినప్పుడు మ్యాజిక్ టెలిస్కోపు 0.25 టీఈవీ (ఒక టీఈవీ అంటే వెయ్యి జీఈవీ) లోపు కాంతికీ 1.2 టీఈవీ పైన కాంతికీ మధ్య సుమారు 4 నిమిషాల ఆలస్యం చూసింది. సరళ నియమంతో (ఆలస్యం శక్తితో పాటు అదే నిష్పత్తిలో పెరుగుతుందని) అమర్చితే టీఈవీకి 30 ± 12 సెకన్లు. రెండున్నర సిగ్మా (కొలత దోషానికి రెండున్నర రెట్లు), కాబట్టి ఆవిష్కరణ అనలేం. ప్లాంక్ శక్తి దగ్గర ఆ దూరానికి రావాల్సింది టీఈవీకి 1.25 సెకన్లే. అందుకే వాళ్లు హద్దుగానే ఇచ్చారు: 0.21 × 10¹⁸ జీఈవీ. తర్వాత హెచ్‌ఈఎస్‌ఎస్ అనే మరో టెలిస్కోపుల బృందం 2006 జులై నాటి పీకేఎస్ 2155-304 గెలాక్సీ జ్వాలలో (రెడ్‌షిఫ్ట్ 0.116, మూడున్నర రెట్ల దూరం) టీఈవీకి −5.5 ± 10.9 సెకన్లు అని తేల్చింది. అంటే సున్నాయే. హద్దు 2.1 × 10¹⁸ జీఈవీకి పెరిగింది. 501లో చూసింది అంతరిక్షానిదే అయితే ఇక్కడ టీఈవీకి వంద సెకన్లు కనబడాలి.

పల్సార్లు (వేగంగా తిరుగుతూ క్రమం తప్పక మిణుకుమనే మృత నక్షత్రాలు) ఇంకో దారి. క్రాబ్ పల్సార్ మనకు 6500 కాంతి సంవత్సరాలే కాబట్టి హద్దు తక్కువ (5.5 × 10¹⁷ జీఈవీ, మ్యాజిక్, 2017). కానీ దానికో సుగుణం ఉంది. క్రాబ్ తిరుగుడు ఏళ్ల తరబడి నెమ్మదిస్తోంది. మూలంలో పుట్టిన ఆలస్యం తిరుగుడుతో పాటు సాగుతుంది, దశలో కొలిస్తే మారదు. దారిలో పుట్టినది సెకన్లలో మారకుండా ఉంటుంది. ఓపిక పట్టి కొలిస్తే రెండూ వేరుపడతాయి. విస్ఫోటాలకు ఆ వీలు లేదు, ఒక్కసారి పేలి అయిపోతాయి.

నక్షత్రలెక్క:
ఇప్పటికి అన్నిటికన్నా గట్టి హద్దు 221009ఎ నుంచే కదా? అది ఎలా తీశారు? అక్కడ కాంతి వక్రం నున్నగా ఉంటుంది, మిల్లీసెకను పల్సులేవీ లేవు.

చెరెంకోవ్‌నీలం:
నున్నదనాన్ని ఫోటాన్ల సంఖ్య పూడ్చింది. 2022 అక్టోబరు 9 విస్ఫోటం, రెడ్‌షిఫ్ట్ 0.151. చైనాలో 4410 మీటర్ల ఎత్తున ఉన్న లాసో (ఎల్‌హెచ్‌ఏఏఎస్‌ఓ) వేధశాల 0.2 నుంచి 7 టీఈవీ మధ్య మొదటి 3000 సెకన్లలో 64,000కు పైగా ఫోటాన్లు పట్టింది. ఘాతాంకం గారి సూత్రంతో చూడండి: సమాకలనం 0.157, ప్లాంక్ దగ్గర టీఈవీకి 5.7 సెకన్లు. టీఈవీ కాంతి పెరిగి తారస్థాయికి చేరడానికి 18 సెకన్లు పట్టింది. అంటే ప్లాంక్ స్థాయి ప్రభావం ఉంటే 5 టీఈవీ తారస్థాయి 1 టీఈవీ తారస్థాయి కన్నా 20 సెకన్లకు పైగా వెనక ఉండాలి. అది కంటికే కనిపించేది. కనబడలేదు. 2024లో ప్రచురించిన హద్దు: సరళ నియమానికి ప్లాంక్‌కు 10 రెట్లు, వర్గ నియమానికి (ఆలస్యం శక్తి వర్గంతో పెరిగితే) ప్లాంక్‌లో 6 × 10⁻⁸ వంతు.

పద్ధతి గురించి కాస్త వివరంగా. లాసో నీటి డిటెక్టర్‌లో ఒక్కొక్క ఫోటాన్ శక్తి సరిగా తెలియదు. ఎన్ని డిటెక్టర్లు వెలిగాయన్న సంఖ్యను బట్టి గుంపులు కడతారు. ప్రతి గుంపుకూ శక్తి పంపిణీ సిమ్యులేషన్ నుంచి వస్తుంది. గుంపుల కాంతి వక్రాల మధ్య ఆలస్యం వెతుకుతారు.

ఫోటాన్ శక్తి బాగా తెలిసిన చోట గరిష్ఠ సంభావ్యత పద్ధతి మేలు. తక్కువ శక్తి ఫోటాన్ల నుంచి మూస వక్రం తయారుచేస్తారు. ఎక్కువ శక్తి ఫోటాన్ ప్రతిదాన్నీ (టీఈవీకి ఇన్ని సెకన్లు) × (దాని శక్తి) మేరకు వెనక్కి జరిపి, మూసలో ఆ చోట దాని సంభావ్యత ఎంతో చూస్తారు. మొత్తం గుణకారం ఎక్కడ గరిష్ఠమైతే అదే ఆలస్యం.

ఇందులో ఎక్కువగా దొర్లేవి: మూసలోని ఫోటాన్లకూ కొంత ఆలస్యం ఉంటుందన్నది మరవడం, మూసలోని గణాంక దోషాన్ని హద్దులోకి తేకపోవడం, శక్తి కొలతలోని 15-20 శాతం మసకను వదిలేయడం. మూడూ హద్దును ఉన్నదానికన్నా బలంగా చూపిస్తాయి. మందు ఒకటే: తెలిసిన ఆలస్యం కలిపిన నకిలీ డేటా వందల సంఖ్యలో తయారుచేసి, మీ కోడ్ అంతే తిరిగి చెబుతుందా, 95 శాతం అన్నది నిజంగా వందకు 95 సార్లు పడుతుందా చూడటం.

సగంసున్నా:
221009ఎలో 18 టీఈవీ ఫోటాన్ అన్న వార్త వచ్చింది. మామూలుగా అది నక్షత్రాల నేపథ్య కాంతిని ఢీకొని ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటగా మారిపోవాలి. లోరెంజ్ సౌష్ఠవం (కాంతివేగం ఎప్పుడూ ఒకటేనన్న సాపేక్షతకు పునాది) చెదిరితే తప్పించుకుంటుందని అప్పట్లో వరసగా పేపర్లు వచ్చాయి. దానికేమంటారు?

ఘాతాంకం:
లెక్క కట్టి చూద్దాం. ఎదురెదురుగా ఢీకొంటే జంట పుట్టడానికి నేపథ్య ఫోటాన్‌కు కావలసిన కనీస శక్తి = (0.511 ఎంఈవీ)² ÷ గామా శక్తి. 1 టీఈవీకి 0.26 ఈవీ, 18 టీఈవీకి 0.0145 ఈవీ. కాంతి నెమ్మదించే పక్షంలో దీనికి గామా శక్తి వర్గం ÷ (4 × క్వాంటమ్ గురుత్వ శక్తి) కలుస్తుంది. ఆ స్థాయి సరిగ్గా ప్లాంక్ అయితే రెండు పదాలూ 23 టీఈవీ దగ్గర సమానమవుతాయి, అప్పుడు ఆకాశం పారదర్శకమవుతుంది.

కానీ అదే విస్ఫోటం నుంచి వచ్చిన ఆలస్యపు హద్దు ప్లాంక్‌కు 10 రెట్లు. అది పెడితే సమానమయ్యే చోటు 50 టీఈవీకి జరుగుతుంది. 18 దగ్గర కలిసేది 5 శాతం లోపే. దాంతో ఏమీ తప్పించుకోదు. ఎలక్ట్రాన్‌కు ఏ మార్పూ లేదన్న ఊహతో చేసిన లెక్క ఇది.

ఇక 18 అన్న అంకె తొలి నివేదికది. లాసో 2023 వర్ణపటం సుమారు 13 టీఈవీ దాకా ఉంది. వర్ణపటం నిటారుగా పడిపోతున్నప్పుడు తక్కువ శక్తి ఫోటాన్లే ఎక్కువ. వాటిలో కొన్ని దోషం వల్ల పైకి జారి పెద్ద శక్తిగా కనబడతాయి. ఏ వర్ణపటం ఊహించారన్నదాన్ని బట్టి ఒకే ఘటన శక్తి మారుతుంది.

మసకగీత:
ఇంతదాకా ఎవరూ ధ్రువణం (కాంతి తరంగం కంపించే దిశ) ఊసెత్తలేదు. సరళ నియమానికి అసలు గండం అక్కడుంది. ప్రభావక క్షేత్ర సిద్ధాంతంలో (తెలిసిన సమీకరణాలకు చిన్న సవరణ పదాలు కలిపే చట్రం) సరళ పదం రాయాలంటే కుడి, ఎడమ వృత్త ధ్రువణాలు వేర్వేరు వేగాలతో పోవాలి. అప్పుడు రేఖీయ ధ్రువణ తలం దారిపొడవునా తిరుగుతుంది, కోణం శక్తి వర్గంతో పెరుగుతుంది. దూరపు విస్ఫోటంలో ధ్రువణం కొద్దిగా మిగిలినా సరే, ఆ సరళ పదపు గుణకం ప్లాంక్ స్థాయి విలువలో కోటి కోట్లలో ఒక వంతుకు పడిపోతుంది (ఇంటెగ్రల్ ఉపగ్రహం, 041219ఎ, 2011). ఆలస్యపు హద్దు 10 రెట్లు అంటున్నారు, ఇది 10¹⁴ రెట్లు. ధ్రువణ కొలతల్లో పరికర దోషాలు పెద్దవి, నిజమే. వంద రెట్లు తీసేసినా ఇంకా ఎంతో మిగులుతుంది.

ఘాతాంకం:
ఒప్పుకుంటాను, ఒక షరతుతో. ధ్రువణాన్ని బట్టి వేగం మారని నమూనాలకు ఆ హద్దు తగలదు. తీగ సిద్ధాంతంలోని డీ-బ్రేన్ నురగ నమూనాలో (స్థలకాలం సూక్ష్మంగా నురగలా ఉంటుందనేది), ద్వి-ప్రత్యేక సాపేక్షతలో (ప్లాంక్ శక్తి కూడా అందరికీ ఒకటే ఉండేలా మార్చిన సాపేక్షత) వేగం శక్తి మీదే ఆధారపడవచ్చు. వాటికి ఆలస్యమే పరీక్ష. లూప్ క్వాంటమ్ గురుత్వం నుంచి ఇంత ఆలస్యం అని ఖాయమైన అంకె ఇప్పటికీ రాలేదు. "లూప్ సిద్ధాంతం వీగిపోయింది" అనే శీర్షికలు నేతిబీరలో నెయ్యి లాంటివి.

వేగం పెరిగే పక్షంలో ఇంకో హద్దు ఉంది. ఒక శక్తి దాటిన ఫోటాన్ శూన్యంలోనే జంటగా విడిపోవాలి. లాసో 2021లో 1.4 పీఈవీ (1400 టీఈవీ) ఫోటాన్ చూసింది, అది విడిపోకుండా చేరింది. దాంతో సరళ నియమానికి హద్దు ప్లాంక్‌కు లక్ష రెట్లు. ద్వి-ప్రత్యేక సాపేక్షతలో ఆ విచ్ఛిన్నమే ఉండదు కాబట్టి దానికి ఇదీ తగలదు. కాబట్టి హద్దు ఎంత అని ఒక్కటే అంకె అడగడంలో అర్థం లేదు, ఏ నమూనాకో కూడా చెప్పాలి.

మసకగీత:
నురగ అన్నారు కాబట్టి ఒక మాట. ఆలస్యం అందరికీ ఒకేలా ఉండక్కర్లేదు. ఒకే శక్తి ఫోటాన్లలో కొన్ని ముందు, కొన్ని వెనక రావచ్చు. అప్పుడు సగటు ఆలస్యం సున్నా, పల్స్ మాత్రం వెడల్పవుతుంది. ఫెర్మీ బృందం 090510తోనే దీన్నీ పరీక్షించి 2015లో ప్లాంక్‌కు 2.8 రెట్ల హద్దు ఇచ్చింది. సగటు ఆలస్యం మాత్రమే వెతికే కోడ్‌కు ఇది చిక్కదు.

నక్షత్రలెక్క:
090510 ఫోటాన్లన్నిటితో జతల పద్ధతి రాశాను. ప్రతి రెండు ఫోటాన్లకూ సమయాల తేడాను శక్తుల తేడాతో భాగించి, ఆ విలువలన్నీ ఎక్కడ గుమిగూడాయో చూస్తున్నాను. శిఖరం సున్నా దగ్గరే ఉంది, కానీ వెడల్పు ఎంత నమ్మాలో తెలియడం లేదు. 2013లో ఫెర్మీ బృందం నాలుగు విస్ఫోటాల మీద మూడు పద్ధతులు వాడి ఇచ్చిన 7.6 రెట్ల దాకా పోగలనా?

రాత్రికాపలా:
వెడల్పును శిఖరం ఆకారం నుంచి చదవకండి. జతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, నూరు ఫోటాన్లకు 4950 జతలున్నా సమాచారం నూరు ఫోటాన్లదే. సమయాలను అలాగే ఉంచి శక్తులను ఫోటాన్ల మధ్య కలగాపులగం చేయండి, వెయ్యిసార్లు. ప్రతిసారీ శిఖరం ఎక్కడ పడుతుందో రాసుకోండి. ఆ పంపిణీయే మీ దోషం. వర్గ నియమానికైతే హారంలో శక్తుల వర్గాల తేడా పెట్టాలి, లేకపోతే అంకె వస్తుంది కానీ అర్థం ఉండదు.

శక్తి తేడా మరీ చిన్నగా ఉన్న జతలు హారంలో సున్నాకు దగ్గరై పెద్ద అంకెలు చల్లుతాయి. వాటిని కోయకండి, కోత ఎక్కడన్నదే కొత్త పేచీ అవుతుంది. గుమిగూడిన చోటునే చూస్తున్నాం కాబట్టి తోకలు ఇబ్బంది పెట్టవు.

7.6 సంగతి తర్వాత. ముందు ఆ 31 జీఈవీ ఫోటాన్ తీసేసి మొత్తం మళ్లీ నడపండి. హద్దు ఎంత పడిపోతుందో ఇక్కడ పెట్టండి.